కావలి కణాలకు చూపునిచ్చిన వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

నల్లరేగడి చేలగట్ల మీద, కొత్తపట్నం ఇసుక బాటలలో నడిచిన వారికి తుమ్మముల్లు కొత్త కాదు. అరికాలిలో దిగిన ముల్లు విరిగి లోపల మిగిలిపోతే ఏమవుతుందో మన పల్లెలలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. మొదట ఆ చోటు ఎర్రబడుతుంది. పిదప వాచి సలుపుతుంది. చీము పట్టి ఒకనాడు ముల్లు తనంతట తానే వెలికి వస్తుంది. అట్లు రాకపోతే చుట్టూ గట్టిగా కాయ కట్టి, ఏళ్ళ తరబడి అక్కడనే ఉండిపోతుంది. శరీరం తనది కాని వస్తువును పసిగట్టి, వీలైతే వెళ్ళగొట్టడానికి, వీలుకాకపోతే గోడ కట్టి బంధించడానికి పూనుకుంటుందన్న మాట.

ఈ సామాన్య విషయం వెనుక ఎంత శాస్త్రం దాగి ఉన్నదో మొదట గ్రహించినవాడు రష్యా దేశీయుడైన మెచ్నికోవ్. 1882లో ఆయన ఇటలీలోని మెస్సీనా సముద్రతీరంలో ఉన్నప్పుడు, గాజువలె పారదర్శకమైన నక్షత్రమత్స్యపు పిల్లలలో గులాబి ముళ్ళను గుచ్చి, మరునాటి ఉదయం సూక్ష్మదర్శినిలో చూశాడు. సంచరించే కణాలు ఎక్కడెక్కడి నుండియో వచ్చి ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. పరాయి వస్తువులను మింగే ఆ కణాలనే భక్షక కణాలన్నారు. ఈ కృషికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. కన్ను గాని చెవి గాని లేని కణానికి ఇది ముల్లు, ఇది నా దేహం అన్న వివక్ష ఎట్లు కలుగుతున్నది? స్పర్శ చేతనే అని నేటి శాస్త్రం సమాధానం చెబుతున్నది. కణం వస్తువు లోపలి గుణాన్ని ఎరుగదు. దాని ఉపరితలం మీద ఏ రసాయనం ఉన్నదో దానినే తడిమి చూస్తుంది. ఆ తాకిడిని బట్టి ఊరకుండడమో, దాడి చేయడమో నిర్ణయిస్తుంది. ఈ సూత్రాన్ని తానై చెప్పకపోయినా, దానికి మూడు వైపుల నుండి మార్గం వేసిన మహనీయుడు మన తెలుగువాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మహనీయుని చరిత్రను, ఆయన చేతి మందు ఈ సూత్రానికి ఎట్లు నిదర్శనమైనదో ఆ వైనాన్ని, మన విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. ఇంటిలో లేమి తాండవించేది. చదువుపై పిల్లవానికి మొదట శ్రద్ధ లేదు. పదమూడేళ్ళ ప్రాయంలో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్న తలంపుతో ఇల్లు విడిచాడు. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చారు. తల్లి పట్టుదల వలన చదువు సాగింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవసారి ఉత్తీర్ణుడైనాడు. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేనాటికి ఆయనలోని గణిత ప్రతిభ బయటపడింది.

అప్పటికే మనస్సు వైరాగ్యం వైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరుకున్నారు. తల్లి అనుమతించలేదు. రోగులకు సేవ చేయదలచితే వైద్యం నేర్చుకొమ్మని మఠంలోని పెద్దలు హితవు చెప్పగా, 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమైంది. ఆ మామగారి సాయమే ఆయన వైద్య విద్యకు ఊతమైంది.

స్వాతంత్ర్యోద్యమపు గాలి వీస్తున్న రోజులవి. సుబ్బారావుగారు ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స తరగతికి సైతం ఖద్దరు గౌనుతోనే వెళ్ళారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. పరీక్షలో మిగిలిన విషయాలన్నింటిలో నెగ్గినా, ఆయనకు పూర్తి వైద్య పట్టం బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎమ్.ఎస్. మాత్రమే దక్కింది. 1937లో రాజకీయ పాఠశాల నడచి, లాఠీ దెబ్బలు తిన్న కొత్తపట్నం వారికి ఆనాడు ఖద్దరు కట్టడంలోని అర్థాన్ని వేరుగా వివరించనక్కర లేదు. మనిషి విద్యను చూడవలసిన కన్ను పైనున్న బట్టను చూసింది.

ఈ అవమానం కంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల వ్యవధిలో ఒకే రోగానికి బలియైనారు. స్ప్రూ అనే ఆ వ్యాధిలో పేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు, రక్తం క్షీణిస్తుంది, మనిషి రోజురోజుకు కృశించి పోతాడు. అదే రోగం సుబ్బారావుగారికి కూడా సోకింది. ఆయుర్వేద వైద్యులైన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన కోలుకున్నారు. లక్ష్మీపతిగారు నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకుడుగా పనిచేశారు. అన్నదమ్ములను మింగిన రోగానికి మందు లేకపోవడం ఆయన మనస్సులో ముల్లువలె నాటుకుపోయింది. పరిశోధన చేయాలి, అందుకు సముద్రం దాటాలి అన్న సంకల్పం దృఢమైంది.

బోస్టనులో

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో, మామగారు సమకూర్చిన ధనంతో ఆయన ఓడ ఎక్కారు. 1923 అక్టోబరు 26న బోస్టను చేరారు. మూడేళ్ళలో తిరిగి రావాలన్నది భార్యకిచ్చిన మాట. ఆ మాట నెరవేరలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి బిడ్డను చూడలేదు. భార్యాభర్తలు మరల కలుసుకోలేదు. శాస్త్రం కొరకు ఆయన చేసిన త్యాగాన్ని కీర్తించేవారు, ఆ త్యాగంలో సగభాగం అనపర్తి ఆడపడుచుదని మరువరాదు.

హార్వర్డులో ఉష్ణమండల వైద్యశాస్త్రం అభ్యసించి డిప్లొమా పొందారు. పూర్తి పట్టం లేనందున అక్కడి ఆసుపత్రులలో వైద్యునిగా పనిచేసే వీలు లేకపోయింది. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పరిచారకునిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచారు. పగలు హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన పరిశోధన సాగించారు. 1925లో వారిద్దరు కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే విధానాన్ని ప్రకటించారు. మోలిబ్డేటు కలిపినప్పుడు ద్రావణం నీలిరంగు పొందుతుంది. ఆ నీలిమ ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వ్యాపించింది.

ఆ పద్ధతినే ఆయుధంగా చేసుకొని కండరాలను శోధించగా, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు బయటపడ్డాయి. ఈ రెండవదానినే ఏ.టి.పి. అంటారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దీనిని స్వతంత్రంగా కనుగొన్నాడు. మనం చేయి ఎత్తినా, గుండె కొట్టుకున్నా, ఆలోచన మెదిలినా ఖర్చయ్యే శక్తి ఈ ఏ.టి.పి. రూపంలోనే చేతులు మారుతుంది. ప్రాణికోటికంతకు ఇదే నాణెం. 1930లో ఆయన డాక్టరేటు పొందారు. ఇంతటి కృషి చేసినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి ఆయనను వరించలేదు. 1940లో న్యూయార్కు సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, 1942లో పరిశోధన శాఖకు అధిపతి అయినారు.

పెర్ల్ రివర్‌లో

లెడర్లీలో గడచిన ఎనిమిదేళ్ళు ఆయన జీవితానికి ఫలకాలం. రసాయనికులను, జీవశాస్త్రజ్ఞులను, వైద్యులను ఒకచోట చేర్చి, ఒక్కొక్క రోగం మీదికి దండు నడిపినట్లు నడిపారు. ఈ విజయాలు ఆయన ఒక్కరివే అనడం సత్యదూరం. వందలాది చేతులు పనిచేశాయి. అయితే ఆ చేతులకు దారి చూపిన బుద్ధి ఆయనది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంలో ఏదో ఒక రక్తవర్ధక పదార్థం ఉన్నదని 1931లో తెలిపారు. ఆకుకూరలలోను, కాలేయంలోను కూడా ఉన్న ఆ పదార్థాన్ని సుబ్బారావుగారి బృందం 1945లో కృత్రిమంగా తయారుచేయగలిగింది. అది స్ప్రూ రోగులకు సంజీవని అయింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు ఆయన వారి రోగానికి మందు చేశారు.

రెండవది దానికి విరుద్ధమైనది. బోస్టనులో పిల్లల వైద్యశాలకు చెందిన సిడ్నీ ఫార్బర్, రక్తపు కాన్సరు సోకిన పసివారికి ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలనిస్తే రోగం తగ్గకపోగా పెరుగుతున్నదని గమనించాడు. పెంచేది ఉంటే దానికి అడ్డు వేసేది కూడా ఉండాలి కదా అన్నది తర్కం. చూడడానికి ఫోలిక్ ఆమ్లంవలె ఉండి, కణాన్ని మోసగించి, దాని వృద్ధిని ఆపివేసే పదార్థాలను లెడర్లీ రసాయనికులు తయారుచేసి పంపారు. వానిలో అమినోప్టెరిన్ ఒకటి. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలకు గాను 10 మందిలో తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. రక్తపు కాన్సరు మందుకు లొంగుతుందని వైద్యలోకం గ్రహించిన సమయమది. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

మూడవది ఆరియోమైసిన్. వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడైన బెంజమిన్ డగ్గర్‌ను పిలిచి మట్టిలోని సూక్ష్మజీవులను వెదకించగా లభించిన బంగారువన్నె ఔషధమిది. 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఇదే పెద్దబిడ్డ. ఫోలిక్ ఆమ్లంతో పాటు ఈ కుటుంబపు మందును కలిపి ఇవ్వడమే తరువాతి కాలంలో ఉష్ణమండల స్ప్రూకు చికిత్స అయిందంటే, ఆ పాత ముల్లు ఆయనను ఎంత దూరం నడిపించిందో ఊహించుకోవచ్చు.

నాలుగవది హెట్రజాన్. మన కోస్తా ప్రజలకు ఇది అత్యంత ఆత్మీయమైన ఔషధం. ఎందుకనగా ఇది బోదకాలు మీద ఎక్కుపెట్టిన బాణం. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ ద్వీపాలకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో ఆ రోగానికి మందు కావలసి వచ్చింది. లెడర్లీ పరిశోధకులు వందలాది పదార్థాలను పత్తి ఎలుకలలోని ఫైలేరియా పురుగులపై పరీక్షించి, డైఇథైల్ కార్బమజైన్ అనే పదార్థాన్ని ఎంపిక చేశారు. దాని వ్యాపార నామమే హెట్రజాన్. 1947లో ఆ ఫలితాలు ప్రచురింపబడ్డాయి.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావుగారి గుండె ఆగిపోయింది. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్ళు. తన మందులలో కొన్నింటి మహిమ పూర్తిగా తెలియకముందే వెళ్ళిపోయారు. ముఖ్యంగా హెట్రజాన్ ఎట్లు పనిచేస్తుందన్న రహస్యం ఆయన కాలధర్మం చెందిన తరువాతనే బయటపడింది.

ఉపరితలం విప్పిన రహస్యం

ఫైలేరియా పురుగు బతుకు తీరు విచిత్రమైనది. పెద్ద పురుగులు శోషరస నాళాలలో ఏళ్ళ తరబడి కాపురముంటాయి. వాటి పిల్లలు రాత్రివేళ రక్తంలోకి వచ్చి విహరిస్తాయి. క్యూలెక్సు దోమ కుట్టినప్పుడు దానితో పోయి మరొకరిని చేరుతాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ గాజు పలకలు పట్టుకొని వచ్చి వేలి నుండి రక్తపు చుక్క తీసుకొనేది ఇందుకే. చిన్న తుమ్మముల్లును సహించని శరీరం ఇన్ని లక్షల పురుగు పిల్లలను రక్తంలో ఎట్లు తిరగనిస్తున్నది? ఇదియే ఆశ్చర్యం.

హెట్రజాన్ మరొక ఆశ్చర్యాన్ని తెచ్చిపెట్టింది. గాజు పాత్రలో ఈ పురుగు పిల్లలను ఉంచి మామూలు మోతాదులో మందు పోస్తే అవి చావవు. హాయిగా కదలుతూనే ఉంటాయి. అదే మందు రోగి కడుపులోకి పోతే, కొద్దికాలంలోనే రక్తంలోని పురుగు పిల్లలు మాయమవుతాయి. పాత్రలో లేనిది, దేహంలో ఉన్నది ఏమిటి? ఈ చిక్కును విప్పినవారు ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ హాకింగ్, ఆయన సహచరులు. ఈ హాకింగ్ భౌతికశాస్త్రంలో జగద్విఖ్యాతుడైన స్టీఫెన్ హాకింగ్‌కు తండ్రి. మందు ఇచ్చిన జంతువులలో పురుగు పిల్లలు కాలేయంలో చిక్కుకొని, భక్షక కణాల వాత పడుతున్నాయని 1950లో వారు తెలిపారు. మందు పురుగును స్వయంగా చంపడం లేదు. పురుగులో ఏదో మార్పు తెచ్చి, శరీరపు కావలి కణాలకు దానిని పట్టి ఇస్తున్నది.

తరువాతి పరిశోధకులు ఆ మార్పును పురుగు పైపొరలో వెదికారు. పురుగు పిల్ల సన్నని తొడుగు కప్పుకొని ఉంటుంది. ఆతిథ్యమిచ్చిన మనిషి రక్తంలోని మాంసకృత్తులు కూడా ఆ తొడుగును అంటి ఉంటాయి. ఇంటివారి శాలువ కప్పుకొని పెళ్ళి పందిట్లో తిరిగే దొంగను కావలివాడు ఎట్లు పట్టగలడు? మందు ఆ శాలువను తొలగించినట్లు పైపొరను మార్చగా, దాగిన పరాయి గుర్తులు కణాల స్పర్శకు అందుతాయి. ఇది ఒక్కటే కాక, రక్తనాళపు గోడలలోని కొవ్వుఆమ్లాల రసాయనక్రియను కూడా మందు మార్చి, కావలి కణాలు పురుగును అంటిపట్టుకోవడానికి తోడ్పడుతుందని తేలింది. మార్గాలు ఒకటికి రెండు కావచ్చు. పురుగును అంతం చేసేది మాత్రం మన కణాలే.

ఈ సూత్రాన్నే తిరగవేసి చూడండి. పరాయి వస్తువును కణాలు పట్టుకోవాలని కాక, పట్టుకోకూడదని కోరే సందర్భాలు నేటి వైద్యంలో కోకొల్లలు. శుక్లం తీసి కంటిలో పెట్టే కటకం, విరిగిన తొడ ఎముకకు బిగించే లోహపు కమ్మీ, గుండెకు తాళం వేసే యంత్రం, ఇవన్నీ శరీరం దృష్టిలో ముళ్ళే. ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ అనే నేత్రవైద్యుడు, యుద్ధ విమానాల ప్లాస్టిక్ కప్పు పగిలి చాలకుల కళ్ళలో దిగబడిన ముక్కలు ఏళ్ళు గడచినా వాపు తేకపోవడం గమనించి, 1949లో ఆ జాతి ప్లాస్టిక్‌తోనే కంటికి కటకం అమర్చాడు. కంటి లోపలి భాగం స్వభావసిద్ధంగా ప్రశాంతమైనది కావడం అందుకు కొంత తోడ్పడింది. స్వీడనులో బ్రానెమార్క్, టైటేనియం లోహంతో ఎముక విడదీయరానంతగా పెనవేసుకోవడం 1952లో గమనించి, 1965లో మొదటిసారి రోగికి దంతమూలాలుగా అమర్చాడు. ఆ లోహం మీద తనంతట తానే ఏర్పడే పలుచని ఆక్సైడు పొరయే ఆ చెలిమికి కారణం. ఎముకకు తగిలేది లోహం కాదు, ఆ పొర.

ఒక వస్తువును దేహంలో అమర్చిన క్షణాలలోనే రక్తంలోని మాంసకృత్తులు దానిని కప్పివేస్తాయి. ఏ మాంసకృత్తు అంటుకొంటుంది, అంటుకొన్నాక ఏ రూపం దాలుస్తుంది అన్నది ఆ వస్తువు ఉపరితలపు రసాయనాన్ని బట్టి ఉంటుంది. నీటిని విముఖంగా నెట్టివేసే ప్లాస్టిక్ మీద ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తు తన మడతలు విప్పుకొని పరచుకొంటుంది. మామూలుగా లోపల దాగి ఉండే దాని భాగం ఒకటి అప్పుడు బయటపడుతుంది. గాయం తగిలిన చోట కనిపించే గుర్తు అది. కణాలు దానిని తాకి, ఇక్కడ ఏదో హాని జరిగిందని భావించి దాడికి దిగుతాయి. మింగబోతాయి, వస్తువు పెద్దది కనుక మింగలేవు, ఒకదానితో ఒకటి కలిసిపోయి మహాకాయ కణాలవుతాయి. కొన్ని వారాలలో వస్తువు చుట్టూ పీచు గోడ లేస్తుంది. అరికాలి ముల్లు చుట్టూ కట్టిన కాయకు, దీనికి జాతిలో భేదం లేదు. అందుచేత నేటి పరిశోధకులు నీటిని ప్రేమించే పూతలను, ధన ఋణ విద్యుదావేశాలు సమతూకంలో ఉన్న పూతలను వస్తువులపై వేసి, మాంసకృత్తులను అంటనీయకుండా చూస్తున్నారు. అంటినా మడత విప్పని ఆల్బుమిన్ వంటిది అంటేటట్లు చేస్తున్నారు. కణానికి తాకేది మార్చితే కణం నడత మారుతుంది.

సుబ్బారావుగారి తక్కిన రెండు వరాలు కూడా ఈ కథలోనికే వచ్చి చేరాయి. శస్త్రచికిత్స కత్తికి కణాలు తెగినప్పుడు వాటిలోని ఏ.టి.పి. వెలికి చిమ్ముతుంది. కణం లోపల నాణెమైన ఆ పదార్థమే కణం వెలుపల ప్రమాద ఘంటిక. ఆ ఘంటానాదం వినియే కావలి కణాలు పరుగెత్తుకొని వస్తాయని ఆయన మరణించిన కొన్ని దశాబ్దాలకు తెలిసింది. ఇక మెథోట్రెక్సేట్. కావలివారే మతి తప్పి స్వంత కీళ్ళను పరాయివని ఎంచి దాడి చేసే రోగం కీళ్ళవాతం. 1951లోనే అమినోప్టెరిన్‌ను ఆ రోగానికి ప్రయోగించి చూశారు. కాలక్రమాన స్వల్ప మోతాదు మెథోట్రెక్సేట్ దానికి ప్రధాన ఔషధమైంది. పిలిచే ఘంటిక, పట్టించే మందు, శాంతింపజేసే మందు, ఈ మూడింటి వెనుక భీమవరం బిడ్డ ఒక్కడే ఉండడం విశేషం.

మన బాధ్యత

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి ఊరందరికీ ఈ మందునిచ్చే పద్ధతి దేశవ్యాప్తంగా మొదలైంది. తరువాత దానికి ఆల్బెండజోల్‌ను కూడా జతపరచారు. రెండేళ్ళలోపు పసివారికి, గర్భిణులకు, తీవ్ర వ్యాధిగ్రస్తులకు తప్ప మిగిలిన వారందరికీ ఇస్తారు. చైనాలో ఈ మందును ఉప్పులో కలిపి జనానికి అందించి, ఆ రోగాన్ని తరిమివేశారు. ఉప్పు కొఠార్ల నడుమ పుట్టి పెరిగిన మనవారికి ఈ మాట వింతగా తోచవచ్చు.

ఇక్కడనే ఒక చిక్కున్నది. మాత్ర మింగిన వారిలో కొందరికి ఆ రాత్రి జ్వరం, తలనొప్పి వస్తాయి. మాత్ర వికటించిందన్న వదంతి పుడుతుంది. మరుసటి ఏడు మాత్రలు గోడ పక్కకు, కాలువలోకి పోతాయి. కాని ఆ జ్వరం చాలావరకు మందు దోషం కాదు. శాలువ తొలగిన దొంగలను కావలి కణాలు ఒక్కసారిగా పట్టుకొన్నప్పుడు జరిగే పెనుగులాట అది. ఎవరి రక్తంలో పురుగు పిల్లలు హెచ్చుగా ఉంటాయో వారికే జ్వరం హెచ్చు. అనగా ఎవరికి మందు అత్యవసరమో వారే మందును చూసి భయపడుతున్నారు. సాధారణంగా ఆ బాధ ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. తగ్గకపోతే వైద్యుని చూడాలి. ఈ సంగతిని ఊరివారికి విడమరచి చెప్పగలిగిన వారు చదువుకొన్న పిల్లలే. మన కళాశాల విద్యార్థి ఒక్కొక్కరు తమ వీధిలో నాలుగిళ్ళకు ఈ విషయం తెలియజెప్పితే, అది సుబ్బారావుగారికి అర్పించే నిజమైన నివాళి.

లోకం ఆయనను ఆలస్యంగా గుర్తించింది. నోబెల్ బహుమానం రాలేదు. 1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు కలిగినా, ఆయన చివరివరకు ఆ దేశ పౌరుడు కాలేదు; స్వదేశానికీ తిరిగి రాలేదు. ఒక బూజు జాతికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన ప్రభుత్వం తపాలాబిళ్ళ విడుదల చేసింది. ఆయన మందులు మింగి బాగుపడిన కోట్లాది జనంలో ఆ పేరు ఎరిగినవారు బహు కొద్దిమంది.

మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన బాలుని మార్కుల పట్టీ చూసి, ఖద్దరు గౌను చూసి, రాత్రిపూట మలపాత్రలు కడిగే నల్లని చేతులు చూసి, వీడింతవాడే అని తీర్మానించినవారు ఎందరో ఉండి ఉంటారు. పైపొరను చూసి నిర్ణయించడం కణానికి తప్పనిసరి, దానికి వేరు సాధనం లేదు. మనిషికి బుద్ధి అన్న సాధనం ఉన్నది. మన తరగతి గదులలో వెనుక బల్ల మీద కూర్చొన్న విద్యార్థులను చూసేటప్పుడు అధ్యాపకులమైన మేము, తోటివారిని చూసేటప్పుడు విద్యార్థులైన మీరు, కళాశాల అభివృద్ధికి పాటుపడుతున్న కమిటీ పెద్దలు, అందరమూ ఆ సాధనాన్ని వినియోగించవలసి ఉన్నది. ఈసారి రసాయన ప్రయోగశాలలో భాస్వరం పరీక్షలో పరీక్షనాళికలో నీలిరంగు తేరినప్పుడు, దాని వెనుక ఉన్న పేరును ఒక్కసారి తలచుకోండి.